నేను చుక్క పెట్టని పలక

మన అసోసియేషన్ పిక్నిక్‌లలో కుర్రవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అంకుల్, మీరు ఏ కంపెనీలో రిటైర్ అయ్యారు?" కంపెనీ కాదు నాయనా, సైడ్‌వాక్ ఇన్‌స్పెక్టర్ని అంటాను. వాళ్ళు నేనేదో చమత్కరించానని నవ్వేసి, పక్కనే ఉన్న గుండె డాక్టరుగారి వైపు తిరుగుతారు. మా ఆవిడ కూడా తక్కువది కాదు. ఎవరైనా అడిగితే "సివిల్ ఇంజనీరండీ, సిటీలో" అని అక్కడితో ఆపేసేది. సిటీ అంటే వాళ్ళు డెట్రాయిట్ అనుకునేవారు. ఆవిడ కాదనేది కాదు.

మా ఇల్లు ఫార్మింగ్టన్ హిల్స్‌లో. ఉద్యోగం మాత్రం అక్కడికి అరగంట దూరంలో ఉన్న ఒక పాత చిన్న ఊళ్ళో. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయను. రాస్తే మనవాళ్ళు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని కథ మార్చేస్తారు.

పని ఏమిటంటే, మంచు కరిగాక వీధి వీధీ సైడ్‌వాక్ మీద, అంటే మన ఫుట్‌పాత్ మీద, నడవాలి. పగిలిన కాంక్రీట్ పలకో, పక్కదానికంటే ఎత్తుగా లేచిన పలకో కనిపిస్తే దాని మీద తెల్ల పెయింట్‌తో ఒక చుక్క పెట్టాలి. వేసవిలో మా పనివాళ్ళు వచ్చి చుక్క ఉన్న పలకని పగలగొట్టి, కొత్తది పోస్తారు. చుక్క లేని పలకని ముట్టుకోరు. ఇందులో ఉన్న సాంకేతిక పరిజ్ఞానం అంతా ఇంతే. దీని కోసం నేను రెండు డిగ్రీలు చదివాను.

మా ఫోర్‌మన్ తలుపంత మనిషి. నేను పెట్టిన ఏ చుక్కనీ అతను ఎందుకని అడిగిన పాపాన పోలేదు. చుక్క కనబడితే చాలు, పలక పగలగొట్టే జాక్‌హ్యామర్ ఎత్తేవాడు. ఇంట్లో నా మాట ఎవరూ వినకపోయినా, ఈ భూమ్మీద ఒక్క మనిషైనా ఎదురు చెప్పకుండా వింటున్నాడు కదా అని నాకు లోలోపల మహా గర్వంగా ఉండేది. ఆ గర్వం సంగతి తర్వాత చెబుతాను.

అలా తల వంచుకుని నడిచే మనిషికి కొన్ని కనబడతాయి. పాత పలకల మూలల్లో కోడిగుడ్డు ఆకారంలో ఒక ముద్ర ఉంటుంది. అది పోసిన కాంట్రాక్టరు పేరు, ఏడాది. పలక పగిలితే ఎవర్ని తిట్టాలో తెలియాలని ఆ రోజుల్లో తప్పనిసరిగా వేయించేవారు. వందేళ్ళ నాటివి అరిగిపోయి చదవడానికి రావు. నేను మా వంటింట్లోంచి బియ్యప్పిండి డబ్బా పట్టుకెళ్ళి, ముద్ర మీద చిటికెడు చల్లి, మెత్తటి బ్రష్షుతో తుడిచేవాణ్ణి. పిండి గుంటల్లో నిలిచి అక్షరాలు తెల్లగా పైకి వచ్చేవి. ఆఫీసులో అందరూ దాన్ని ఏదో ప్రత్యేకమైన పౌడర్ అనుకునేవారు. నేను కాదనలేదు. ఈ విషయంలో మా ఆవిడా నేనూ ఒకటే.

ఒక వేసవి మొదట్లో ఎనభై దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ ఆఫీసుకి వచ్చింది. చేతికర్ర, టోపీ, ఇంకో చేతిలో చిన్న చీపురు. వచ్చీ రాగానే, "పొడి చల్లే మనిషివి నువ్వేనా?" అంది.

ఆవిడ తాతగారు ఆ ఊళ్ళో సగం సైడ్‌వాక్‌లు పోసిన కాంట్రాక్టరు. ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దకొడుకు ఈవిడ తండ్రి. ఆయన ఒక ఏడాది తండ్రితో కలిసి పనిచేశాడట. ఆ ఏడాది తాతగారు ముచ్చటపడి ముద్రలో తన పేరు కింద "అండ్ సన్" అని చేర్పించారట. తర్వాత తండ్రీ కొడుకులకి చెడింది. కొడుకు వెళ్ళి కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. ముద్రలోంచి ఆ మాట పోయింది. వ్యాపారం చిన్నకొడుక్కి వెళ్ళింది.

"మా నాన్న పోయేదాకా చెబుతూనే ఉన్నాడు, నేను కూడా ఆ రాతిలో ఉన్నానని. ఎక్కడో చూపించలేకపోయాడు. మా బాబాయి కొడుకు అదంతా కట్టుకథ అంటాడు," అంది ఆవిడ.

ఆ బాబాయి కొడుక్కీ ఎనభై దాటాయి. అదే ఊళ్ళో ఉంటాడు. ఊరి లైబ్రరీ ముందు ఆ కుటుంబం మీద ఒక ఫలకం పెడుతున్నారు. అందులో ఏం రాయాలో ఇస్తున్నది ఆయనే. తాతగారి పేరుంది, చిన్నకొడుకు పేరుంది. పెద్దకొడుకు పుట్టినట్టే లేదు. ఫలకం పోతపోసేలోపు ఆవిడ ఆ ఒక్క ముద్రా చూపించాలి. లేకపోతే ఆవిడ తండ్రి అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు.

సరే, నేను ఎలాగూ ఊరంతా నడవాలి కదా, నాతో రండి అన్నాను.

ఇక చూడండి మా ఊరేగింపు. ముందు ఆవిడ చీపురుతో ఊడుస్తుంది. వెనక నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఎడంచేత్తో బియ్యప్పిండి చల్లుతూ, కుడిచేతిలో పెయింట్ డబ్బాతో. సిటీవాళ్ళిచ్చిన మెరిసే ఆకుపచ్చ చొక్కా వేసుకున్నా సరే, తెల్లపొడితో పట్టపగలు వీధిలో వంగి కూర్చున్న నల్లటి మనిషిని చూస్తే అమెరికాలో జనానికి ఏమనిపిస్తుందో నేను వివరించనక్కర్లేదు. పోలీసు కారు వచ్చింది. ఆ కుర్ర పోలీసు డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"ఏంటిది?"

"బియ్యప్పిండి," అన్నాను.

"దేనికి?"

"ఈవిడ నాన్నగారి కోసం," అన్నాను. నాకు అంతకంటే తోచలేదు. ఆవిడ చీపురు ఎత్తి అతనికి మొత్తం వంశచరిత్ర చెప్పింది. అతను మధ్యలోనే కారెక్కి వెళ్ళిపోయాడు.

అన్ని వీధుల్లోనూ తాతగారి పేరే. కింద ఏమీ లేదు. ఆవిడ ప్రతి ముద్ర దగ్గరా ఊపిరి బిగబట్టేది, పిండి తుడిచాక "సరే, తర్వాతది" అనేది. ఆ "సరే" రోజురోజుకీ చిన్నదైపోవడం నాకు వినిపించేది. బాధగా ఉండేది.

చివరికి ఒక మేపుల్ చెట్టు కింద దొరికింది. వేరు లేపేసి పలక ఒక పక్కకి ఒరిగి ఉంది. పిండి చల్లి తుడిచాను. తాతగారి పేరు, దాని కింద చిన్న అక్షరాలతో "అండ్ సన్", దాని కింద ఏడాది. ఆవిడ చేతికర్ర పచ్చికలో పడేసి నేల మీద కూలబడింది. ఏడవలేదు. ఆ రెండు మాటల్నీ వేలితో దిద్దుకుంది. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, పిండి పడిందని చెప్పాను.

ఫోటో తీసి బాబాయి కొడుక్కి పంపాం. ఆయన ఫోన్లోనే కొట్టిపారేశాడు. "మా మనవడు ఫోటోలో నన్ను చంద్రుడి మీద నిలబెట్టాడు. ఫోటోలు నమ్మను. రాయి చూపించండి." మోకాలికి ఏదో చికిత్స జరుగుతోందట, వచ్చే శుక్రవారం వస్తానన్నాడు.

రూలు ప్రకారం ఆ ఒరిగిన పలకకి చుక్క పెట్టాలి. మా బాస్‌ని అడిగాను. ముద్ర ఉన్న భాగం తర్వాత జాగ్రత్తగా కోసి తీద్దాం, ప్రస్తుతానికి చుక్క పెట్టకు అన్నాడు. పెట్టలేదు. శుక్రవారమే మా పనివాళ్ళు ఆ వీధిలో పని చేయబోతున్నారని నాకు తెలుసు. అయినా నాకు దిగుల్లేదు. చుక్క లేదు కదా. చుక్క లేని పలకని మా ఫోర్‌మన్ ముట్టుకోడు.

ఆ మేపుల్ చెట్టు వెనకున్న ఇంటిని ఈమధ్యే మన తెలుగు జంట ఒకటి కొనుక్కుంది. మోరిస్‌విల్ నుంచి ఉద్యోగం మారి వచ్చారు. మేము అక్కడ పలక చుట్టూ తిరుగుతుంటే అతను బయటికి వచ్చి, నేను తెలుగువాణ్ణని తెలిసి తెగ సంబరపడిపోయాడు. "అంకుల్, ఫ్రైడే మార్నింగ్ గృహప్రవేశం. ఆంటీని తీసుకుని మీరు తప్పకుండా రావాలి. మా అత్తయ్యగారు కూడా ఇండియా నుంచి వచ్చారు." వస్తానన్నాను. ఒకే చోట రెండు పనులు అయిపోతాయనుకున్నాను. నిజంగానే అయిపోయాయి.

శుక్రవారం పొద్దున పెద్దావిడని కారెక్కించుకుని బయల్దేరాను. బాబాయి కొడుకు తన కారులో వెనక వస్తున్నాడు. వీధి మలుపు తిరగగానే కాంక్రీట్ లారీ చప్పుడు వినిపించింది. ఇంకెవరి ఇంటి ముందో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఆ ఇంటి ముందు సైడ్‌వాక్ లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పొడుగాటి గొయ్యి. ముక్కలన్నీ అప్పుడే ఒక ట్రక్కు ఎక్కి, నలగ్గొట్టే చోటుకి వెళ్ళిపోయాయి. గుమ్మానికి మామిడి తోరణాలు. గొయ్యి అవతల పట్టుచీర కట్టుకున్న ఒకావిడ మా పనివాళ్ళకి పేపర్ ప్లేట్లలో పులిహోర వడ్డిస్తోంది.

నేను కారు దిగి ఫోర్‌మన్ మీదికి వెళ్ళాను. "ఏం చేశావయ్యా! నేను చుక్క పెట్టానా?"

అతను నోట్లో పులిహోర మింగి, నన్ను జాలిగా చూశాడు. "ఒకటా? ఇన్నేళ్ళలో నువ్వు ఏ సైడ్‌వాక్ మీదా ఇంత కోపంగా ఉండటం నేను చూడలేదు. వరసలు వరసలుగా పెట్టావు. అడుగుకో చుక్క. సరే, దీని ఆనవాలు కూడా ఉండకూడదంటున్నాడు మా ఇన్‌స్పెక్టరు అనుకున్నాను."

నాకు అర్థం కాలేదు. అప్పుడు పట్టుచీర ఆవిడ నన్ను చూసి ఎదురొచ్చింది. ఆవిడే అత్తగారు. "రండి అన్నయ్యగారూ! ఎంత మంచి దేశమండీ ఇది! ముగ్గుకని చుక్కలు పెట్టి, ఇంకా కలపనే లేదు. పంతులుగారేమో ఇంకో గృహప్రవేశం ఉంది, పాలు పొంగించాలి రమ్మని తొందరపెట్టారు. లోపలికెళ్ళి వచ్చేసరికి గవర్నమెంటు వాళ్ళు వచ్చి వీధి మొత్తం కొత్తది వేసేస్తున్నారు. మా అల్లుడు చెప్పి ఉంటాడు."

అల్లుడు ఆవిడ వెనక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. "లేదంకుల్. నేను వీళ్ళని ఆపుదామని లేవబోయాను. పంతులుగారు సంకల్పం మధ్యలో లేవకూడదన్నారు."

"చుక్కలు దేనితో పెట్టారమ్మా?" అని అడిగాను.

"వాన ఫోర్‌కాస్ట్ ఉంది అంకుల్. పిండి పోతుందని హార్డ్‌వేర్ షాపులో వైట్ మార్కింగ్ పెయింట్ కొన్నాను," అన్నాడు అల్లుడు. పచ్చిక మీద పడి ఉన్న డబ్బా చూశాను. మా ఆఫీసు డబ్బాకి అది తోడబుట్టింది.

గుమ్మం ముందు వేస్తే సరిపోదా అంటే, వీధి ముగ్గు లేని ఇల్లు ఇల్లేనా అంది ఆవిడ. జాక్‌హ్యామర్ పిడికి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. కాంక్రీట్ లారీ ముందు చక్రం కింద నిమ్మకాయ ఉంది. డ్రైవరు దాన్ని తొక్కించకుండా లారీ కదపకూడదని ఆవిడ సైగలతో ఒట్టు వేయించుకుందట.

ఇంత జరుగుతుంటే పెద్దావిడ కారు దిగి గొయ్యి అంచున నిలబడింది. ఆవిడకి నేను ఏమీ చెప్పనవసరం లేకపోయింది. "సరే," అంది, బొత్తిగా వినబడనంత చిన్నగా. నా ఉద్యోగ జీవితంలో అంత సిగ్గుపడ్డ క్షణం ఇంకోటి లేదు. చేసింది నేను కాదు, కాకపోతే ఆ చుక్కని వేదంలా నమ్మమని మా ఫోర్‌మన్‌కి నేర్పింది నేనే.

బాబాయి కొడుకు కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. గొయ్యిని చూశాడు, మమ్మల్ని చూశాడు. "అయితే చూపించడానికి ఏమీ లేదన్నమాట. నాకు తెలుసు. మీ నాన్న చెప్పింది ఎప్పుడూ ఇలాగే ఉండేది, వెళ్ళేసరికి కనబడదు," అన్నాడు. పరిచయమైన దగ్గర్నుంచీ ఆయన ఆ మనిషిని "మీ నాన్న" అనే అంటున్నాడు. స్వయానా తన పెదనాన్న అన్న సంగతి ఆ నోట ఒక్కసారీ రాలేదు.

ఆయన కారు డిక్కీలోంచి గోనెగుడ్డలో చుట్టిన ఒక ఇనప ముద్ర తీశాడు. తాతగారిది. తండ్రి నుంచి తనకి వచ్చిందట. పలక మీది ముద్రనీ దీన్నీ పోల్చి, మా పలక దొంగదని తేల్చడానికి తెచ్చుకున్నాడు. పోల్చడానికి పలక లేదు. అయినా ఉత్తచేతులతో వెళ్ళడం ఆయనకి ఇష్టం లేదు. "కాంక్రీట్ పోస్తున్నారుగా, ఇందులోనే నొక్కి చూపిస్తాను. తాతయ్య పేరు తప్ప ఏముంటుందో అందరూ చూడండి."

మా ఫోర్‌మన్ ఆ ముద్రని చూసి టోపీ తీసేశాడు. అతని వృత్తికి అది కులదైవం లాంటిది. కాంక్రీట్ పోసి, తాపీతో నున్నగా చేసి, "ఇప్పుడే కాదు, నీరు కాస్త ఇంకాలి, అప్పుడైతే అచ్చు బాగా దిగుతుంది," అన్నాడు.

నీరు ఇంకేదాకా ఏం చేయాలి? అత్తగారు అందర్నీ లోపలికి తోలింది. అలా ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ అక్కాతమ్ముళ్ళిద్దరూ, ముక్కూ మొహం తెలియని ఇంట్లో, సత్యనారాయణస్వామి పటం ఎదురుగా పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని బొబ్బట్లు తిన్నారు. ఆయన రెండోది అడిగాడు. ఆవిడ తన ప్లేటులోది ఆయన ప్లేటులో పెట్టింది, అటు తిరిగి చూడకుండానే.

బయటికి వచ్చాం. ఆయన వంగలేడు గనక ఫోర్‌మనే ముద్రని మూల మీద ఆనించి, పైన చెక్క పెట్టి, తన బరువంతా మోపాడు. తీస్తే తాతగారి పేరు తేటగా పడింది. కింద వందేళ్ళ నాటి ఏడాది. మధ్యలో నున్నటి ఖాళీ.

"చూశారా?" అన్నాడాయన. పెద్దావిడ తల ఊపింది. ఇంక కారు వైపు తిరిగింది.

అప్పుడు అత్తగారు పిండి పళ్ళెంతో వచ్చింది. ఆవిడకి ఈ గొడవేమీ తెలియదు. "కొత్త నేల బోసిగా ఉంచకూడదు అన్నయ్యగారూ. తొక్కొద్దన్నారుగా, ఈ మూలనైనా వేస్తాను," అని పచ్చిక మీద నుంచే వంగి, ఆ ముద్ర చుట్టూ పిండితో ఒక గీత లాగింది. గాలికి సగం పిండి ముద్ర మీద పడింది. అయ్యో అంటూ నేను జేబులోంచి బ్రష్షు తీసి తుడిచాను. ఆలోచించి చేసింది కాదు, ఇన్నేళ్ళ చేతి అలవాటు.

నున్నటి ఖాళీలో పిండి పోలేదు. సన్నగా, వెంట్రుక మందాన నిలిచిపోయింది. అ-ం-డ్. పక్కన స-న్.

ఫోర్‌మన్ ముద్రని తిరగేసి బొటనవేలితో తడిమాడు. "అరిగిపోయింది కాదిది. ఆకురాయితో రాచేశారు. కోపంగా రాచారు, పూర్తిగా పోలేదు," అన్నాడు. కొడుకు మీద కోపమొచ్చిన రోజున తాతగారు కొత్త ముద్ర చేయించుకోలేదన్నమాట. ఉన్నదాంట్లోంచే కొడుకుని రాచేశాడు. దాన్ని ఇన్నేళ్ళూ తన గ్యారేజీలో పెట్టుకుని, దుమ్ము దులుపుతూ వచ్చిన మనిషి పెద్దావిడ పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆయన ముఖం ఎర్రబడింది. "అరుగుదల అనుకున్నాను," అన్నాడు. మళ్ళీ "నేను అరుగుదలే అనుకున్నాను," అన్నాడు, ఈసారి ఆవిడతో. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. లోపల్నుంచి పంతులుగారు ఇంకా తీర్థం తీసుకోనివాళ్ళెవరని కేక వేశారు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఏమీ అర్థం కాకపోయినా వెళ్ళి చేతులు పట్టారు.

ఆ సాయంత్రమే ఆయన లైబ్రరీకి ఫోన్ చేశాడు. ఫలకంలో ఇద్దరు కొడుకులూ ఉన్నారు. వెళ్తే చూడొచ్చు, ఏ ఊరో చెప్పను గనక చూడలేరు.

కొన్నాళ్ళకి నేను రిటైరయ్యాను. నా తర్వాత వచ్చిన కొత్త ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసి, ఫలానా వీధిలో మొన్నమొన్న పోసిన కాంక్రీట్ మీద వందేళ్ళ నాటి ఏడాది ఉంది, ఇదేమిటని అడిగింది. చుక్క మాత్రం పెట్టకమ్మా అన్నాను. ముందు ముందు ఈ ఊరి చరిత్ర తవ్వేవాళ్ళకి ఆ పలక పిచ్చెక్కిస్తుంది. వాళ్ళకి నా ఆశీస్సులు.

పెద్దావిడ పోయిన చలికాలంలో కన్నుమూసింది. అంతవరకూ శుక్రవారం శుక్రవారం వచ్చి ఆ అక్షరాల్లో పిండి వేసుకునేదట. అత్తగారు ఇండియా వెళ్తూ ఒక డబ్బా ఇచ్చి వెళ్ళిందట. ఈ వసంతంలో నాకు మనసాగక ఆ వీధికి వెళ్ళాను. పలక మూల అక్షరాలు తెల్లగా ఉన్నాయి. పక్కన బాబాయి కొడుకు ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నన్ను గుర్తుపట్టి, "మంచిపని, వచ్చావు. డబ్బా అయిపోయింది. మా ఇంట్లో ఉన్న గోధుమపిండి వేస్తే వానకి ముద్దైపోయింది. ఇది ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

ఇండియన్ స్టోర్‌లో బియ్యప్పిండి అని అడగండి, మెత్తటిది కావాలని చెప్పండి అన్నాను.

"దేనికని అడిగితే?"

"ఎవరూ అడగరండీ."

ఆయనకి ఆ మాట నచ్చలేదు. ఆ రెండు మాటల వైపు చీపురు చూపించాడు.

"అడిగితే మా పెదనాన్న కోసం అని చెబుతాను," అన్నాడు.